కొత్త కారు తీసుకుంటున్నారా? మొదటి 1000 కిలోమీటర్ల విషయంలో షోరూం మాట నమ్మకండి

కారు డెలివరీ తీసుకోబోతున్నవాళ్లు, తీసుకుని ఇంకా నెల కూడా కానివాళ్లు ఇది ఒక్కసారి చదవండి. ఏ కంపెనీ, ఏ షోరూం అని అడగొద్దు. నాతో అన్న మాట రేపు మీతో ఇంకెవరైనా అనొచ్చు, అందుకే రాస్తున్నాను.

తాళాలు చేతికిచ్చిన రోజున నేనే అడిగాను, "కొత్త ఇంజిన్ కుదురుకునేదాకా జాగ్రత్తగా నడపడాన్ని రన్నింగ్ ఇన్ అంటారు కదా, మొదట్లో ఎలా నడపాలి?" అని. సేల్స్ కుర్రాడు నవ్వేశాడు. "అదంతా పాత బండ్లకి సార్. ఇప్పటి ఇంజిన్లు ఫ్యాక్టరీలోనే సెట్ అయి వస్తాయి. మీరు హాయిగా తిరగండి." నాకూ ఆ మాటే కావాలి. మూడో రోజున దూర ప్రయాణం పెట్టుకుని ఉన్నాం మరి.

అయిదుగురం, డిక్కీ నిండా సామాను. హైవే ఎక్కగానే క్రూజ్ కంట్రోల్ 110లో పెట్టి కాలు తీసేశాను. గంటల తరబడి ముల్లు కదల్లేదు. తిరుగు ప్రయాణమూ అంతే. ఇల్లు చేరేసరికి మీటరు మీద 1240. ఇంజిన్ చప్పుడే లేదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

2900 దాటాక ఒక రోజు మలుపు తిరుగుతుంటే నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. పక్కకి ఆపి, ఇంజిన్‌లో ఆయిల్ ఎంత ఉందో చూసే గీతల పుల్ల, అదే డిప్‌స్టిక్ జీవితంలో మొదటిసారి బయటికి లాగాను. చివర చుక్క తడి తప్ప ఏమీ లేదు. ఆ లైటు గురించి అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఒకటుంది. అది చాలా బండ్లలో ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. అంటే అది వెలిగేసరికే ఇంజిన్‌లో ఆయిల్ తిప్పే పంపుకి ఆయిల్ సరిగా అందడం లేదన్నమాట. ఆయిల్ ఎంత ఉందో తెలియాలంటే డిప్‌స్టిక్కే దిక్కు.

సర్వీస్ సెంటర్‌లో రెండు లీటర్లు పోశారు. కింద ఎక్కడా లీకు లేదు. "కొత్త బండి కదా సార్, కొంచెం తాగుతుంది" అన్నారు. నేను వదల్లేదు. అప్పుడు ఆయిల్ కన్సంప్షన్ టెస్ట్ అన్నారు. గరిష్ఠ గీత దాకా నింపి, మూతకీ, అడుగున ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టుకీ సీలు వేసి, 1000 కిలోమీటర్లు తిప్పుకురమ్మన్నారు. తీసుకెళ్తే 700 మిల్లీలీటర్లు తక్కువ వచ్చింది. మా మోడల్‌కి 1000 కిలోమీటర్లకి లీటరు వరకు మామూలేనట, అది కంపెనీ పెట్టుకున్న లెక్కట. తర్వాత సర్వీస్ అడ్వైజర్ నెమ్మదిగా అడిగిన ప్రశ్న, "మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడిపారు సార్?" చెప్పాను. డాష్‌బోర్డు అరలోంచి పాలిథీన్ కవర్ కూడా విప్పని యూజర్ మాన్యువల్ తీసి ఒక పేజీ చూపించాడు. మొదటి 1000 కిలోమీటర్లు ఒకే వేగంలో ఎక్కువసేపు నడపొద్దు, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కొద్దు అని స్పష్టంగా ఉంది. మరి సేల్స్ కుర్రాడు చెప్పింది? "ఆయన కాగితం మీద ఇచ్చారా సార్?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఒకే వేగంతో ఏం నష్టమని నాకూ అనిపించింది. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇంజిన్‌లో ఇంధనం మండే గొట్టం, అంటే సిలిండర్, దాని లోపలి గోడ అద్దంలా నున్నగా ఉండదు. హోనింగ్ చేసి, అంటే సానరాయితో రుద్ది, కావాలనే సన్నని అడ్డగీతలు పెడతారు, ఆయిల్ వాటిలో నిలబడుతుంది. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ గీతల అంచుల్ని కొద్దికొద్దిగా అరగదీస్తూ గోడకి అమరాలి. రింగుని గోడకి గట్టిగా నొక్కేది దాని సొంత స్ప్రింగ్ బలం ఒక్కటే కాదు, మండిన గ్యాసు రింగు వెనక్కి చేరి తోసే ఒత్తిడి కూడా. అందుకే లోడు పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. ఎప్పుడూ ఒకే తీరుగా నడిస్తే రింగులు పూర్తిగా కుదురుకోవు. గోడ మీద ఆయిల్ మాడి వార్నిష్‌లా పేరుకుంటే ఆ గీతలూ పూడుకుపోతాయి, దాన్నే గ్లేజింగ్ అంటారు. అప్పుడు గ్యాసు కిందికి జారుతుంది, ఆయిల్ పైకి వచ్చి కాలిపోతుంది.

నిజం చెప్పాలంటే, నా బండికి ఇదే కారణమని రుజువు చేయలేను. రింగుల్లోనే లోపం ఉండొచ్చు కూడా. కానీ ఆ రెండు రోజుల ప్రయాణం వల్ల వాదించే బలం పోయింది, తప్పు నా మీదికి తోసేందుకు వాళ్లకి ఒక కారణం దొరికింది. నా బాధంతా అదే.

నా కథ విన్న ఒక మిత్రుడు భయపడిపోయి కొత్త కారుని టాప్ గేర్‌లో 40లో లాక్కుంటూ తిరిగాడు. బాబూ, అదీ తప్పే. పై గేరులో ఇంజిన్ మూలుగుతుంటే బేరింగుల మీద భారం పడుతుంది. మొదటి రోజు నుంచే చితక్కొట్టి నడిపితే ఇంజిన్ బాగా సెట్ అవుతుందనే వాదన కూడా వింటుంటాం. వారంటీ ఉన్న బండి మీద ఆ ప్రయోగం నేనైతే చేయను. ఒక మోస్తరుగా తొక్కుతూ, వేగం పెంచుతూ తగ్గిస్తూ, గేర్లు మారుస్తూ వెళ్లడమే. కొన్ని మాన్యువల్స్ గరిష్ఠ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల లెక్క) మూడింట రెండు వంతులు దాటొద్దంటాయి. ఎంత దూరం అనేది కూడా ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, 1000 నుంచి 2000 దాకా ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఏముందో అదే మీకు లెక్క. కొత్త బ్రేకులూ టైర్లూ కూడా పట్టు రావడానికి కొన్ని వందల కిలోమీటర్లు తీసుకుంటాయి, ముందు బండికి మరీ దగ్గరగా వెళ్లకండి.

డెలివరీ రోజున ఫోటోలు దిగే ముందు ఆ పుస్తకంలో రన్నింగ్ ఇన్ పేజీ వాళ్ల ముందే తెరవండి. అందులో లేనిది చెబితే మెసేజ్‌లో రాసి పంపమనండి. మీటరు రీడింగ్ ఫోటో తీసుకోండి, మీకంటే ముందు ఎవరెంత తిప్పారో తెలుస్తుంది. డిప్‌స్టిక్ ఎక్కడుందో అడిగి, లాగి, గీత చూసుకోండి. డిప్‌స్టిక్ లేని మోడల్ అయితే స్క్రీన్ మీద ఎలా చూడాలో నేర్పించమనండి. డిప్‌స్టిక్ అయితే సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలాగి చూడాలి. మొదటి మూడు నెలలు వారానికోసారి చూడండి, తేదీ, కిలోమీటర్లు రాసుకోండి. నేను ఇలా మొదట్నుంచీ రాసుకుని ఉంటే 2900 దాకా ఆగేవాణ్నే కాదు.

ప్రస్తుతం రెండో టెస్ట్ నడుస్తోంది, ఇంకా 400 కిలోమీటర్లు ఉంది. ఈసారి సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత జారిపోతుందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ కూడా చేయమని రాతపూర్వకంగా అడిగాను, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. డిక్కీలో లీటరు ఆయిల్ డబ్బా పెట్టుకుని తిరుగుతున్నాను.