పాత ఇల్లు: మరమ్మతా, బిల్డర్‌కా?

చెన్నై వ్యాసర్పాడిలో మా పెద్దమ్మ ఇంటి గడపకు ఒకప్పుడు మూడు మెట్లుండేవి. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసీ వేసీ ఇప్పుడు ఒక్కటే మిగిలింది. గట్టి వాన పడితే నీళ్లు నేరుగా వంటింట్లోకే.

మరమ్మతు చేయించుకుంటే స్థలం మొత్తం మనదే, పన్నూ పెద్దగా మారదు. కానీ గడప ఎత్తించాలంటే లక్షలు కావాలి. వీధిలో మురుగు ఎలాగూ అలాగే ఉంటుంది.

బిల్డర్‌కిస్తే పాత ఇల్లు కూల్చి ఫ్లాట్లు కడతాడు, మన చేతి డబ్బు ఖర్చవకుండా వాటాగా కొత్త ఫ్లాట్ వస్తుంది. నేల మాత్రం యూడీఎస్, అంటే ఫ్లాట్ల వాళ్లందరితో కలిసి ఉండే విభజించని వాటాగా మిగులుతుంది. అసలు టెన్షన్ పన్నుతోనే. చెన్నైలో ఆస్తి పన్ను వైశాల్యాన్నీ వీధి రేటునూ బట్టి లెక్కిస్తారు. 2022 ఏప్రిల్ పెంపులో పాత నగర పరిధిలోని ఇళ్లకు 600 చదరపు అడుగుల వరకు 50 శాతం, 601 నుంచి 1200 వరకు 75 శాతం పెంచారు. ఫ్లాట్ పెద్దదైన కొద్దీ ఆరు నెలలకోసారి కట్టేదీ పెరుగుతుంది. పెద్దమ్మకున్నది ఒక్క పింఛనే. నెలనెలా మెయింటెనెన్స్ వేరే.

అయినా నేను బిల్డర్ వైపే. ఈ వయసులో ఇంట్లోకొచ్చిన నీళ్లు తోడిపోయడం పెద్దమ్మ వల్ల కాదు. అయితే వాటా ఎన్ని చదరపు అడుగులో, కట్టేదాకా అద్దె ఎవరిస్తారో అగ్రిమెంట్‌లో రాయించి, రిజిస్టర్ అయ్యాకే తాళాలివ్వాలి.