ఒత్తిడి మీద పీహెచ్‌డీ: ఎలుకలా, కల్చరా?

మెదడు కణాల మీద ఒత్తిడి ప్రభావం అంటూ పీహెచ్‌డీలో చేరినవాళ్లకు కోర్సు వర్క్ అయిపోగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. గైడ్ పిలిచి, "యానిమల్ వర్క్ చేస్తావా, కల్చర్ చేస్తావా?" అంటారు. అంటే బతికున్న ఎలుకల మీద పని చేయాలా, డిష్‌లో పెంచిన మెదడు కణాల మీదా అని. ఏది తీసుకుంటే తొందరగా పేపరు వస్తుందని జూనియర్లు సీనియర్ల చుట్టూ తిరిగేది అప్పుడే. అది ఆలోచించాల్సిన విషయమే గానీ, ముందు చూడాల్సింది వేరే ఉంది. రాబోయే ఐదేళ్లు పొద్దున ఎన్నింటికి ల్యాబులో ఉండాలి, పండక్కి ఊరెళ్లగలమా లేదా, ఏ రకం టెన్షన్‌తో నిద్రపోతాం అనేవన్నీ ఈ ఒక్క జవాబుతోనే తేలిపోతాయి.

ముందు ఎలుకల సంగతి. ఈ రంగం పుట్టిందే వాటితో. మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే 1936లో ఒత్తిడి గురించి రాసింది ఎలుకల్లో చూసిన మార్పుల ఆధారంగానే. ఒత్తిడి హార్మోన్ నేరుగా మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌కు చేరి అక్కడి కణాలకు అతుక్కుంటుందని న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్యూయెన్ 1968లో చూపించిందీ ఎలుకల్లోనే. మన దగ్గర బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ప్రచురించిన పని చూడండి. ఎలుకల్ని రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా ఉంచారు. హిప్పోకాంపస్‌లో కణాల కొమ్మలు కుదించుకుపోయాయి. భయానికి సంబంధించిన అమిగ్డాలాలో మాత్రం కొమ్మలు ఇంకా పెరిగాయి. జంతువు అదే, ఒత్తిడి అదే, ఫలితం మాత్రం రెండు చోట్ల రెండు రకాలు. 2005లో అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఒక్కసారి, రెండే గంటల ఒత్తిడి పెడితే మర్నాడు అమిగ్డాలాలో ఏ తేడా కనిపించలేదు, పది రోజుల తర్వాత చూస్తే కణాల మధ్య కొత్త అతుకులకు చోటిచ్చే ముళ్లు పెరిగి ఉన్నాయి.

ఇలాంటి జవాబు డిష్‌లో పెంచిన కణాలు ఎన్నటికీ ఇవ్వలేవు. అక్కడ ఒత్తిడి హార్మోన్ వదిలే అడ్రినల్ గ్రంథి లేదు, అమిగ్డాలాకూ హిప్పోకాంపస్‌కూ మాటల్లేవు, అసలు భయమే లేదు.

అయితే ఆ జవాబు రాబట్టాలంటే మీ బతుకు ఎలుక గడియారానికి కట్టేసుకోవాలి. ఎలుక రాత్రి తిరిగే జీవి. దాని ఒంట్లో ఒత్తిడి హార్మోన్ అయిన కార్టికోస్టెరాన్ పొద్దున తక్కువగా ఉండి చీకటి పడే వేళకు పెరుగుతుంది. అందుకే ఇవాళ తొమ్మిదింటికి మొదలుపెట్టిన ప్రయోగం రేపు పదకొండింటికి చేస్తానంటే కుదరదు, ఆదివారమైనా అంతే. తెచ్చిన వెంటనే పని మొదలుపెట్టడానికీ లేదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల పాటు దేశంలోని ల్యాబులకు ఎలుకల్ని పెంచి ఇచ్చింది. అక్కడి నుంచి వచ్చినా, సొంత యానిమల్ హౌస్‌లో పుట్టినా, కొన్నాళ్లు వాటిని కుదురుకోనివ్వాలి, రోజూ చేతుల్లోకి తీసుకుని అలవాటు చేయాలి. ఎలుక మీ చేతికి అలవాటు పడకపోతే మీరు కొలిచేది ప్రయోగంలోని ఒత్తిడి కాదు, మీరంటే దానికున్న భయం.

ఇందులో అతిశయోక్తి లేదు. ప్రయోగం చేసేది మగవాళ్లయితే ఆ వాసనకే ఎలుకల్లో ఒత్తిడి పెరుగుతుందని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో చూపించారు, మగవాళ్లు వేసుకుని విప్పిన టీషర్టు పక్కన పెట్టినా చాలట. చిట్టెలుకని తోక పట్టి ఎత్తితే బెదురు ఎక్కువ, గొట్టంలోకి ఎక్కించుకునో అరచేతుల్లోకి తీసుకునో ఎత్తితే తక్కువ అని 2010లోనే తేలింది. కాబట్టి మధ్యలో మీకు జ్వరం వస్తే, "కాస్త నా ఎలుకల్ని చూడరా" అని ల్యాబ్‌మేట్‌కి అప్పగించడం కుదరదు. సెంటు కొట్టుకోకూడదు, సబ్బు మార్చకూడదు. పక్క భవనంలో డ్రిల్లింగ్ మొదలైతే ఆ వారం లెక్కలన్నీ అనుమానమే.

ఆ పనిలో అందం కూడా ఉంది. ప్లస్ గుర్తు ఆకారంలో, నేలకు యాభై సెంటీమీటర్ల ఎత్తులో ఒక చెక్క అమరిక ఉంటుంది. రెండు చేతులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఎలుకని మధ్యలో వదిలి ఐదు నిమిషాలు చూస్తారు. ఒత్తిడి పడిన ఎలుక గోడల మధ్యే ఉండిపోతుంది. ఒక్కోసారి వెనక కాళ్లు లోపలే ఉంచి ఒళ్లంతా సాగదీసి, మీసాలు ఆడిస్తూ అంచు కిందికి తొంగి చూసి చటుక్కున వెనక్కి వెళ్లిపోతుంది. వెళ్లాలని ఉంది, ధైర్యం చాలడం లేదు. థీసిస్‌లో అది సెకన్ల అంకెగానే మిగులుతుంది గానీ, ఇలాంటివి చూసినవాళ్లు ఈ రంగం వదిలి పోవడం కష్టం. ఇంటి దగ్గర మాత్రం, "ఎలుకలకి టెన్షన్ పెడితే డాక్టరేట్ ఇస్తారా?" అనే ప్రశ్న తప్పదు.

చివరికి ఆ ఎలుకని చంపాలి. మెదడు తీసి గోల్గీ పద్ధతిలో రంగు వేస్తే నూటికి కొద్ది కణాలే నల్లగా, కొమ్మలతో సహా తేలుతాయి. 1873 నాటి పద్ధతి, ఇప్పటికీ వాడుతున్నారు. రంగు పట్టడానికే రోజులు, ఒక్కో కణాన్ని గీయడానికి వారాలు. చంపే రోజు గురించి ల్యాబుల్లో పెద్దగా మాట్లాడుకోరు. కొందరు ఆ పూట అన్నం ముట్టరు, కొందరికి అలవాటైపోతుంది, ఎంత తేలిగ్గా అలవాటైందో చూసుకుని భయపడేవాళ్లూ ఉన్నారు. నా వల్ల కాదని ముందే చెప్పేయడం చేతకానితనం కాదు.

మరి కల్చర్‌కి వెళ్తే ఆ బాధ లేదా? ఉంది. సాధారణంగా కల్చర్‌కి కావాల్సిన న్యూరాన్లు పద్దెనిమిది రోజుల గర్భంలోని ఎలుక పిల్లల నుంచి వస్తాయి. తల్లి ఎలుక ప్రాణం అక్కడా పోతుంది. కాకపోతే ఒక్క తల్లి నుంచి ఎన్నో డిష్‌లు తయారవుతాయి, మీరు ఆ పని చేసేది ఎప్పుడో ఒకసారి. మైక్రోస్కోప్ కింద చిన్ని హిప్పోకాంపస్‌ని విడదీసి, పైపొర ఒలిచి, ఎంజైమ్‌లో నానబెట్టి, మూతి నునుపు చేసిన గాజు పిపెట్‌తో మెల్లగా పైకీ కిందికీ లాగి కణాలు విడదీస్తారు. గట్టిగా లాగితే చస్తాయి, బుడగలు వచ్చినా చస్తాయి. చెయ్యి కుదరడానికి నెలలు పడుతుంది. కుదిరాక మాత్రం మర్నాటికే కణాలు కాళ్లు చాపుతాయి, మూడు వారాల్లో ఒకదానితో ఒకటి అల్లుకుపోతాయి.

కల్చర్ బలం ఏమిటంటే పగ్గాలు మీ చేతిలో ఉండటం. హార్మోన్ ఎంత వేయాలో, ఏ నిమిషంలో వేయాలో, ఎప్పుడు కడిగేయాలో మీ ఇష్టం. కార్టికోస్టెరాన్ వేయగానే దాన్ని అందుకునే రిసెప్టర్ కేంద్రకం చుట్టూ ఉన్న సైటోప్లాజం నుంచి కేంద్రకంలోకి నడిచి వెళ్లడం గంటలోపే మైక్రోస్కోప్‌లో కళ్లారా చూడొచ్చు. బతికున్న ఎలుక మెదడులో ఆ దృశ్యం చూడటం చాలా కష్టం. నెల తిరిగేసరికి ఏదో ఒక ఫలితం చేతిలో ఉంటుంది. ఎలుకలతో అయితే ఒక బ్యాచ్‌ని మొదలుపెట్టి ముగించడానికే రెండు మూడు నెలలు పడుతుంది.

కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. న్యూరాన్లు పెరిగే పోషక ద్రవంలో, అంటే మీడియంలో, అందరూ వాడే బి-27 అనే సప్లిమెంట్‌లో కార్టికోస్టెరాన్ ముందే ఉంటుంది. అంటే ఒత్తిడి హార్మోన్ వేయని కంట్రోల్ అని మీరు రాసుకున్న డిష్‌లో కూడా ఒత్తిడి హార్మోన్ ఉందన్నమాట! అది లేకుండా తయారుచేసుకున్న మిశ్రమం వాడకపోతే మీ ప్రశ్నకే అర్థం లేదు. ఏదైనా ల్యాబులో ఒత్తిడి మీద కల్చర్ పని అంటే ముందు ఈ సంగతి అడగండి, జవాబును బట్టి ల్యాబు ఎలాంటిదో తెలిసిపోతుంది.

టెన్షన్ కూడా వేరు. ఎలుకల టెన్షన్ విడతలుగా వస్తుంది. బ్యాచ్ నడుస్తున్నంతకాలం సొంత అక్క పెళ్లికీ సెలవు దొరకదు, అయిపోయాక రెండు వారాలు ఊళ్లో పడుకున్నా ఎవరూ అడగరు. కల్చర్ టెన్షన్ రోజూ ఉంటుంది, కొంచెం కొంచెంగా. ఇంక్యుబేటర్ తలుపు తీసిన ప్రతిసారీ మీడియం మబ్బుగా ఉందేమోనని గుండె దడ. ఫంగస్ పట్టిందంటే మీది ఒక్కటే కాదు, ఆ అరలో ఉన్న అందరి డిష్‌లూ పోతాయి, ఆ తర్వాత ఎవరి వల్ల వచ్చిందన్న గొడవ మొదలవుతుంది. అయినా ఒక సౌకర్యం ఉంది: వారానికి ఒకటి రెండుసార్లు సగం మీడియం మార్చడం పక్కవాళ్లు చేసిపెట్టగలరు. పెళ్లయి, చిన్నపిల్లలున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

చర్మ కణాల నుంచి మనిషి న్యూరాన్లను పెంచే ఐపీఎస్ పద్ధతి మూడోది. జపాన్ శాస్త్రవేత్త యమనక 2006లో దారి చూపినప్పటి నుంచి ఆకర్షణ పెరిగింది గానీ, ఖర్చెక్కువ, న్యూరాన్లు ముదరడానికి నెలలు పడుతుంది. ఆ పని ఇప్పటికే బాగా నడుస్తున్న చోట తప్ప మొదటి ప్రాజెక్టుగా వద్దంటాను.

డబ్బు లెక్క కూడా చూసుకోవాలి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె భత్యం అదనం. మొత్తం కలిపి ఐదేళ్లు. ఎలుకల పనికి జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ ఫారం పెట్టి, కమిటీ కూర్చుని, సవరణలు అడిగి, మళ్లీ కూర్చునేసరికి నెలలు గడుస్తాయి. ఆ నెలలన్నీ మీ ఫెలోషిప్‌లోంచే పోతాయి.

నా ఓటు ఎలుకలకే, షరతుల మీద. ఒత్తిడి అంటే జంతువు మొత్తంగా పడే అవస్థ. జ్ఞాపకం, భయం, ప్రవర్తన మీ ప్రశ్నలో ఉంటే కల్చర్‌తో ఎంత చేసినా, "జంతువులో చూపించారా?" అని రివ్యూయర్ అడుగుతాడు, అడగడం న్యాయమే. కానీ ఆ ప్రాజెక్టుకి అనుమతి ఇప్పటికే చేతిలో ఉండాలి, యానిమల్ హౌస్ అదే క్యాంపస్‌లో ఉండాలి, ఎలుకని పట్టుకోవడం పక్కనుండి నేర్పే సీనియర్ ఉండాలి. ఈ మూడింట్లో రెండు లేకపోతే కల్చర్ తీసుకోండి, ప్రశ్న చిన్నదైనా సరే. రిసెప్టర్ కణం లోపల ఏం చేస్తుందన్నదే మీ ఆసక్తి అయితే షరతులతో పనే లేదు, కల్చరే మేలు. అనుమతి వచ్చేలోపు కల్చర్‌తో ఒక చాప్టర్ పూర్తిచేసి తర్వాత ఎలుకల్లోకి వెళ్లడం కూడా మంచి దారే, గైడ్ ఒప్పుకుంటే.

ఏదైనా సరే, గైడ్‌కి ఊ అనే ముందు రెండు రోజులు అడిగి తీసుకోండి. ఒకరోజు మెదడు తీసే గదిలో, ఒకరోజు క్రిములు చేరకుండా కణాల పని చేసే కల్చర్ హుడ్ పక్కన, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి చూడండి.