ఘుమఘుమలకు ఏ అక్షరం? కుంచె ఫాంటా, నున్నటి ఫాంటా, పెయింటర్ చేతి రాతా?

పచ్చళ్ల లేబులు గానీ మెస్సు బోర్డు గానీ చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఈమధ్య తరచూ అడిగేది ఒకటే: "లావుగా, మొరటుగా, చేత్తో రాసినట్టు ఉండాలండీ." నేను వెంటనే "ఘుమఘుమలు" అని టైపు చేసి చూపిస్తాను. ఏ ఫాంటు గుట్టయినా ఆ ఒక్క మాటతో బయటపడుతుంది.

కుంచె రాతను పోలిన రవిప్రకాశ్ ఫాంటులో పెడితే మొదటి చూపుకు భలే ఉంటుంది. రెండో చూపుకు తెలిసిపోతుంది: మొదటి "ఘు" ఎక్కడ ఉబ్బిందో రెండోదీ అక్కడే ఉబ్బింది. చేత్తో రాసినవాడు ఒకే అక్షరాన్ని రెండుసార్లు అచ్చుగుద్దినట్టు రాయలేడు కదా! ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, మార్చి మార్చి వచ్చేలా ఫాంటు తయారు చేయొచ్చు. కానీ మన గుణింతాలు, వత్తులు లెక్కేస్తే అది తడిసి మోపెడయ్యే పని.

రామభద్ర ఫాంటుది వేరే దారి. అదీ లావే, కానీ కొసలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. చేతి రాతలా నటించదు కాబట్టి దొరికిపోయే భయం లేదు. ఈ రెండు ఫాంట్లలో, దూరం నుంచి చదవాల్సిన బోర్డుకు నా ఓటు దీనికే. ద–ధ, ప–ఫల మధ్య తేడా కింద ఉన్న చిన్న గీత ఒక్కటే. మొరటు అంచుల ఫాంటును చిన్న సైజులో వాడితే ముందు పూడిపోయేది ఆ గీతే. రెండూ యూనికోడ్ (ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా తెలుగు టైపు చేసే పద్ధతి) ఫాంట్లే, ఉచితమే. అమ్మకపు సరుకు మీదా వాడుకోవచ్చు. డబ్బు దగ్గర తేడా లేదన్నమాట.

ఇక పెయింటర్. "రాజ్యలక్ష్మి" అని రాయమనండి. మ వత్తును కాస్త పక్కకు జరిపి, గుడిని పైకి సాగదీసి, బోర్డు ఎంతుంటే అంతలో ఇముడుస్తాడు. ఫాంటుకు ఆ ఇంగితం లేదు. రెండు వరుసలు పెడితే పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడిని పొడుస్తుంది. మనం ఎడం పెంచితే బోర్డులో సగం ఖాళీ. (బాపు రాత కూడా ఫాంటై పెళ్లిపత్రికలకెక్కింది. అక్షరాలు ఆయనవే, ఆ కూర్పు మాత్రం ఆయనది కాదు.) చేత్తో రాయిస్తే ఒకసారికే పనికొస్తుందన్న బెంగా అక్కర్లేదు. కాగితం మీద రాయించి, స్కాన్ చేసి, వెక్టర్‌గా (ఎంత పెంచినా తగ్గించినా అంచులు చెదరని బొమ్మగా) మార్చుకుంటే సీసాకూ సంచికీ అదే సరిపోతుంది.

అందుకే పేరు మాత్రం చేత్తోనే రాయించమంటాను. "ఈరోజు గుత్తివంకాయ" లాంటి, రోజూ మారే ఒకటి రెండు మాటల చీటీకి రవిప్రకాశ్ చాలు, అక్కడ దాని మొరటుతనం ముద్దుగానే ఉంటుంది. దినుసుల జాబితా, తయారీ తేదీ దగ్గర మాత్రం ఈ మూడూ వద్దు. మండలి లాంటి మామూలు ఫాంటు పెట్టండి, కళ్లజోడు లేకుండా చదవగలిగేలా.