పాత విండోస్ 7 మెషిన్, ఫ్లెక్సీ పని, టెలిగ్రామ్ డెస్క్‌టాప్

స్టిక్కర్ల కోసమో, చానెళ్ల కోసమో టెలిగ్రామ్ వాడేవాళ్లకు ఈ సమీక్షతో పెద్దగా పనిలేదు. హన్మకొండ, వరంగల్ డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లు నడవాలని ఒక విండోస్ 7 మెషిన్‌ను ఇంకా కదపకుండా ఉంచుకున్నవాళ్లు ఉన్నారు. నేను చూసే లెక్క వాళ్ల లెక్కే: ఆ మెషిన్ మీద ఏ మెసేజింగ్ యాప్ నడుస్తది, వచ్చిన ఫొటో వచ్చినట్టే ఉంటదా.

మొదటి ప్రశ్న తొందరగా తేలిపోతది. వాట్సాప్ విండోస్ యాప్‌కు, సిగ్నల్‌కు విండోస్ 10 కావాలి. వాట్సాప్ వెబ్ తెరుద్దామంటే, విండోస్ 7కు క్రోమ్ 2023లో 109వ వెర్షన్‌తోనే ఆగింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ అనే పాత వెర్షన్‌తో నెట్టుకురావాలి. టెలిగ్రామ్ డెస్క్‌టాప్ మాత్రం విండోస్ 7 మీద, 32 బిట్ అయినా సరే, నడుస్తది. విండోస్ ఎక్స్‌పీకి మాత్రం 2.4.4 వెర్షన్‌తోనే ఆపేశారు. ఇన్‌స్టాలర్ వద్దు, పోర్టబుల్ జిప్ తీసుకొని డీ డ్రైవ్‌లో విప్పండి. లాగిన్ అదే ఫోల్డర్‌లో ఉంటది కాబట్టి సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టినా పోదు.

అసలు లొల్లి ఫొటోది. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో అంటే దాదాపు 4000 బై 3000. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు 1600 పిక్సెళ్లకు దిగుతది. దాన్ని ఫ్లెక్సీలో 5 అడుగుల వెడల్పుకు, అంటే 60 అంగుళాలకు, సాగదీయండి. అసలు ఫొటోకు అంగుళానికి 66 పిక్సెళ్లు దక్కేవి, దీనికి 26 దక్కుతయి. చౌరస్తాలో దూరం నుంచి చూస్తే 66తో బాగానే ఉంటది. 26తో మీసం, కళ్లజోడు అంచులు పగిలిపోతయి. ఫొటోషాప్‌లో సైజు పెంచితే పిక్సెళ్లు పెరుగుతయి గానీ పోయిన మీసం రాదు. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ కొంత నయమే, అయినా కుదింపు కుదింపే. పైగా గ్రూపులో వచ్చిన ఫొటోనే మళ్లీ హెచ్‌డీలో పంపితే ఒరిగేదేం లేదు.

అందుకే ‘అన్నా, వాట్సాప్‌ల కొట్టిన సూడు’ అనంగనే ముందు ఫైల్ పేరు చూడాలి. పేరు చివర డబ్ల్యూఏ, దాని వెనక నాలుగంకెలు ఉంటే అది ఒకసారి నలిగి వచ్చిన ఫొటో. ‘తమ్మీ, ఎవరి ఫోన్‌ల దిగినవో ఆ ఫోన్ల నుంచే, ఫొటోలెక్క కాదు, డాక్యుమెంట్ లెక్క కొట్టు’ అని చెప్పాలి. క్లిప్ గుర్తు నొక్కి, డాక్యుమెంట్, అందులో గ్యాలరీ. ఐఫోన్ అయితే హెచ్ఈఐసీ అనే ఫొటో ఫార్మాట్‌లో ఫైల్ వచ్చి పడుతది, డిజైన్ చేసే పాత కోరల్‌డ్రా దాన్ని ముట్టదు. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కు పోయి ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టిస్తే ఇకముందు దిగేవి జేపెగ్‌లో వస్తయి.

టెలిగ్రామ్ కూడా ఫొటోగా పంపితే కుదిస్తది, ఆ విషయంలో అది పుణ్యాత్మురాలేం కాదు. నాకు నచ్చింది డెస్క్‌టాప్‌లో ఫొటోను చాట్ మీదికి లాగంగనే తెర రెండు డబ్బాలుగా చీలడం. పైది కుదించకుండా పంపడానికి, కిందిది తొందరగా పంపడానికి. పైదాంట్లో వదిలితే పేరు, సైజు ఉన్నవి ఉన్నట్టే ప్రెస్‌కు చేరుతయి. మరిచిపోయే సందే లేదు.

పీఎస్‌డీ, అంటే ఫొటోషాప్ డిజైన్ ఫైల్, 2 జీబీ దాకా వాట్సాప్, టెలిగ్రామ్ రెండింట్లోనూ పోతది. తేడా ఆ తర్వాత తెలుస్తది. మేడారం జాతర రెండేండ్లకోసారి. ‘పోయిన జాతరకు చేసిందే, తారీఖులు మార్చు’ అని వస్తరు. ఈలోపు హార్డ్ డిస్క్ మారి ఉంటది. వాట్సాప్‌లో అప్పుడు దించుకోని ఫైల్‌ను ఇప్పుడు మళ్లీ పంపమనే అడుగుతది. టెలిగ్రామ్‌లో సెర్చ్‌లో ‘జాతర’ కొడితే లేయర్లతో సహా పీఎస్‌డీ దిగింది. ఈ ఒక్క ముచ్చటకే సగం మార్కులు.

అయితే అవతలివాళ్లు ఎప్పుడైనా సరే ఆ మెసేజ్‌ను రెండు వైపులా చెరిపేయొచ్చు, జాడ కూడా మిగలదు. కాబట్టి ఫైనల్ ఫైల్‌ను వెంటనే సేవ్డ్ మెసేజెస్‌కు ఫార్వర్డ్ చేసుకోండి, ఆ కాపీ పోదు. ఇంకోటి, టెలిగ్రామ్ మామూలు చాట్లకు ఎండ్ టు ఎండ్ రక్షణ, అంటే మాట్లాడుకునే ఇద్దరు తప్ప ఎవరూ చదవలేని తాళం, లేదు. ఆ తాళం ఉండే సీక్రెట్ చాట్ విండోస్ యాప్‌లో రానే రాదు. జిరాక్స్‌కని వచ్చే ఆధార్ కాపీలు ఇందులో పెట్టకండి. టూ స్టెప్ పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టండి. గ్రూపుల్లోకి చేర్చే హక్కు కాంటాక్ట్‌లకే ఉంచకపోతే పార్ట్ టైమ్ జాబ్ గ్రూపులు ముసురుతయి. అడ్వాన్స్‌డ్‌లో డౌన్‌లోడ్ పాత్ డీ డ్రైవ్‌కు మార్చి, మేనేజ్ లోకల్ స్టోరేజ్‌లో క్యాష్‌కు (యాప్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లకు) హద్దు పెట్టకపోతే డిస్క్ నిండుతది.

అనూలో కొట్టిన మ్యాటర్‌ను మాత్రం ఏ చాట్‌లో అతికించినా ఇంగ్లిష్ అక్షరాల గజిబిజే. యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా ప్రూఫ్‌ను పీడీఎఫ్ చేసి పంపాలి.

గిరాకీలందరితో టెలిగ్రామ్ వేయించడం అయ్యే పని కాదు. వాళ్లకు వాట్సాప్ ట్యాబ్ తెరిచే ఉండాలి. డిజైనర్‌కు, ప్రెస్‌కు మధ్య మాత్రం టెలిగ్రామ్‌కే నా ఓటు, అదీ విండోస్ 7 ఉన్నన్నాళ్లు. విండోస్ 10 మెషిన్, ఇంట్లోవాళ్లతో మాటలు, అంతే మీ వాడకమైతే ఇందులో సగం మీకు అక్కరకు రాదు.