కేనన్ 70-200 ఎఫ్ 2.8 రెండో వెర్షన్: చాపెల్‌లో, ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో రెండేళ్లు వాడాక

ఇది 70 నుంచి 200 ఎంఎం దాకా జూమ్ చేసే కెమెరా లెన్స్, ఎఫ్ 2.8 అంటే వెలుతురు ఎక్కువ తీసుకునేదని అర్థం. ముందే చెప్పేస్తాను. ఈ లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే కొనేయండి, కానీ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పట్టుకెళ్లి స్టాండ్‌లో కూర్చుని ఫొటోలు తీద్దామని మాత్రం కొనకండి. ఎందుకో కింద చెప్తాను.

మాది ఒంగోలు. 2022 ఆగస్టులో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌కి వచ్చాను, ఇక్కడ సెమినరీలో ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్ల చదువు) చేస్తున్నాను. 1908లో బేలర్ యూనివర్సిటీ నుంచి విడిపోయి, 1910లో వేకో నుంచి ఇక్కడికి వచ్చిన బాప్టిస్టు సెమినరీ ఇది, ఆ పేటనే సెమినరీ హిల్ అంటారు. క్లాసులు కాక క్యాంపస్‌లోనే ఫొటోలు తీసే పార్ట్‌టైమ్ పని ఉంది నాకు. చాపెల్ ఆరాధనలు, గ్రాడ్యుయేషన్లు, కొత్తగా చేరినవాళ్ల ఓరియెంటేషన్, లైబ్రరీలో గ్రీకు కార్డులు ముందేసుకుని నిద్రపోతున్నవాళ్లు, ఇలా ఏదైనా. శుక్రవారం రాత్రి మా చర్చి సంఘంలోని ఒక అబ్బాయి ఆడే హైస్కూలు ఫుట్‌బాల్. శనివారం టీసీయూ, అంటే టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ, ఆడే కాలేజీ ఫుట్‌బాల్. టీసీయూ నా కాలేజీ కాదు, కానీ మా క్యాంపస్ నుంచి కారులో కొద్ది నిమిషాల దూరం, పైగా నేను వచ్చిన మొదటి ఏడాదే వాళ్లు నేషనల్ ఛాంపియన్‌షిప్ దాకా వెళ్లారు. అలాంటి సీజన్‌లో ఊళ్లోకి అడుగుపెట్టినవాడు అభిమాని కాకుండా ఎలా ఉంటాడు!

లెన్స్ కొనాలన్న ఆలోచన కూడా ఆ సీజన్‌లోనే వచ్చింది. 2022 డిసెంబర్ 31 సాయంత్రం ఫియెస్టా బౌల్ అనే సెమీఫైనల్‌లో టీసీయూ 51-45తో మిషిగన్‌ని ఓడించింది. అప్పటిదాకా ఆ ఏడాది మిషిగన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. గొంతు పోయేలా అరిచి, ఆ గొంతుతోనే డల్లాస్ వైపు ఉన్న ఒక తెలుగు సంఘంలో వాచ్‌నైట్ ఆరాధనకి వెళ్లాను. పాస్టర్ గారు ఫొటోలు తీయమని ముందే అడిగారు. నా దగ్గర కేనన్ 6డి బాడీ, ఒక 50 ఎంఎం లెన్స్, అంతే. పన్నెండు దాటాక వాగ్దానం కార్డులు (కొత్త ఏడాదికి బైబిల్ వచనం రాసినవి) ఇచ్చేటప్పుడు ఒక పెద్దావిడ తన కార్డుని రెండు చేతులతో కళ్లకు అద్దుకున్నారు. నేను వెనక వరసలో గోడకి ఆనుకుని ఉన్నాను. ఆరాధన మధ్యలో ముందుకి పరిగెత్తి ఆవిడ ముఖం మీద కెమెరా పెట్టడం నాకు చేతకాదు, చేతనైనా చేయకూడదు. అక్కడినుంచే తీశాను. ఇంటికొచ్చి క్రాప్ చేస్తే ఆవిడ ముఖం గుప్పెడు పిక్సెళ్లు, కార్డు ఒక తెల్ల మచ్చ. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ ఇవ్వలేదు.

ఇక లెన్స్ సంగతి. ఇది 2010లో వచ్చింది. బరువు 1490 గ్రాములు, నా 6డికి తగిలిస్తే మొత్తం రెండుంపావు కేజీలు దాటుతుంది. కొత్తదైనప్పుడు 2500 డాలర్ల సరుకు, నేను 820కి కొన్నాను, వేసవి సెలవుల్లో క్యాంపస్‌లో అదనంగా పనిచేసి దాచుకున్న డబ్బు అది. 2018లో మూడో వెర్షన్ వచ్చింది కానీ లోపలి గాజు అమరిక అదే, కోటింగ్ మార్చారు. కాబట్టి ఆ కొత్త అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. మొదటి వెర్షన్‌కీ దీనికీ మాత్రం తేడా బాగా ఉంది, అమ్మేవాళ్లని 'రెండో వెర్షనేనా' అని ఒకటికి రెండుసార్లు అడగండి. లెన్స్ మీద రోమన్ అంకె రెండు ఉంటుంది, ఆ ఫొటో పెట్టమనండి.

నేను ఆన్‌లైన్‌లో పాత కెమెరాలు అమ్మే ఒక షాపులో తీసుకున్నాను. వివరాల్లో అంతా బాగుందని రాశారు, పెట్టె విప్పితే లెన్స్ ముందు తగిలించే హుడ్ పగిలి ఉంది. మెయిల్ పెడితే వారంలో ఇంకో హుడ్ పంపారు, అంతవరకు సంతోషమే. వచ్చిన రోజే ఫోన్ టార్చ్ వెనకనుంచి వేసి ముందునుంచి చూడండి, ఫంగస్ ఉంటే సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తాయి. జూమ్ రింగ్ ఒక చివరనుంచి ఇంకో చివరకి ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. స్టెబిలైజర్ (చెయ్యి వణుకుని సర్దే ఏర్పాటు) వేసి షట్టర్ సగం నొక్కితే వ్యూఫైండర్‌లో బొమ్మ గాల్లో తేలుతున్నట్టు నిలబడుతుంది. నిలబడకుండా గంతులేస్తే తిరిగి పంపేయండి.

చాపెల్లో దీన్ని మించింది నేను చూడలేదు. మా చాపెల్లో 3500 సీట్లు. నడవలో అటూ ఇటూ తిరిగితే వాక్యం వింటున్నవాళ్లకి ఇబ్బంది, ఒక పక్కన నిలబడి తీయాలి. 200 దగ్గర పెడితే ప్రసంగం చేసేవారి ముఖం, 70 దగ్గర పెడితే క్వయర్ మొత్తం. స్టేజీ లైట్లకి ఎఫ్ 2.8, ఐఎస్ఓ (కెమెరా వెలుతురు గ్రహించే స్థాయి) 3200, షట్టర్ వేగం సెకనులో 200వ వంతు, ఇవి నా లెక్కలు. వెలుతురు ఇంకా తక్కువైతే ప్రార్థనలో కళ్లు మూసుకుని కదలకుండా ఉన్నవాళ్లని 60వ వంతుకి కూడా తీశాను, స్టెబిలైజర్ వల్ల చెయ్యి వణుకు తెలియలేదు. మనిషి కదిలితే మాత్రం ఏ స్టెబిలైజరూ కాపాడదు, అది గుర్తుంచుకోండి. ప్రార్థన సమయంలో బాడీని సైలెంట్ షట్టర్‌లో పెట్టుకోండి. స్టెబిలైజర్ మోటారు సన్నగా గురగురమంటుంది కానీ అది పట్టుకున్నవాళ్లకే వినిపిస్తుంది.

ఒక జాగ్రత్త. లెన్స్ పక్కనున్న ఆటోఫోకస్ స్విచ్ విషయంలో నేను దెబ్బతిన్నాను. గ్రాడ్యుయేషన్ రోజు కెమెరా నడుం దగ్గర వేలాడుతూ కోటుకి రాసుకుని స్విచ్ మాన్యువల్‌కి జారింది, నేను చూసుకోలేదు. పట్టా అందుకుంటున్న నా రూమ్‌మేట్ ఫొటోలు వరసగా 12 మసగ్గా వచ్చాయి. వాళ్ల నాన్నగారు కెన్యా నుంచి వచ్చారు ఆ ఒక్క ఉదయం కోసం. తప్పు లెన్స్‌ది కాదు, నాది. బయట పచ్చిక మీద మళ్లీ గౌను వేయించి, తండ్రీకొడుకుల్ని కలిపి తీశాను. ఆ ఫొటో బాగా వచ్చింది, కానీ స్టేజీ మీద క్షణం స్టేజీ మీదిదే. ఆ రోజునుంచి స్విచ్‌ల మీద చిన్న నల్ల టేపు ముక్క వేస్తున్నాను. మీరూ వేయండి.

ఫుట్‌బాల్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది అమెరికన్ ఫుట్‌బాల్, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి, పోతే మళ్లీ నాలుగు. ఒక్కో ప్రయత్నం కొన్ని సెకన్లే. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి హైస్కూళ్లవి, శనివారం కాలేజీలవి. ఊరంతా కదిలొచ్చే శుక్రవారం రాత్రి చూస్తే నాకు మా ఊళ్లో క్రిస్మస్ ముందు రోజులు గుర్తొస్తాయి, చిన్నపిల్లల దగ్గర్నుంచి తాతల దాకా అందరూ అక్కడే.

స్కూలు వాళ్లు అనుమతిస్తే గ్రౌండ్ పక్కనే నిలబడొచ్చు. ఎండ్ జోన్ (మైదానం చివర పాయింట్లు కొట్టే చోటు) మూల దగ్గర నిలబడండి, ఆట మీ వైపే వస్తుంది. 200 ఎంఎంకి దాదాపు పాతిక గజాల లోపు ఆటగాడు ఫ్రేమ్ నిండా వస్తాడు, ఆ పైన చిన్నవాడైపోతాడు, మైదానం అవతలి చివర ఏం జరిగినా మనది కాదని వదిలేయాలి. రాత్రి లైట్ల కింద సెకనులో 800వ వంతు తగ్గకూడదు, దానికి ఐఎస్ఓ 6400 దాకా పోతుంది, ఎఫ్ 2.8 లేకపోతే ఇంకా పైకే. డబ్బు తక్కువని ఎఫ్ 4 లెన్స్ తీసుకుంటే బరువు సగమౌతుంది, వెలుతురూ సగమౌతుంది. పగటి ఆటలకి అది హాయి, రాత్రికి కష్టం.

నా 6డి సెకనుకి నాలుగున్నర ఫొటోలే తీస్తుంది, ఫోకస్ పాయింట్లు 11, వాటిలో నడిమిదే గట్టిది. క్రికెట్ చూసినవాళ్లకి బౌలర్ చెయ్యి చూస్తే బంతి ఎప్పుడొస్తుందో తెలుస్తుంది కదా, అలాగే ఇక్కడ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ భుజం చూడటం నేర్చుకున్నాను. భుజం తిరగగానే ఒక్క ఫొటో. ఫోకస్ మాత్రం ఈ లెన్స్ టక్కున పట్టేస్తుంది. ఎంత దగ్గరనుంచి ఫోకస్ వెతకాలో చెప్పే లిమిటర్ స్విచ్‌ని రెండున్నర మీటర్ల వైపు పెడితే ఇంకా త్వరగా దొరుకుతుంది.

ఒక వాన రాత్రి తీసిన ఫొటో గురించి చెప్పాలి. మా సంఘం అబ్బాయి బెంచీ దగ్గర మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి నిలబడ్డాడు. హెల్మెట్ కమ్మీల నుంచి నీళ్లు కారుతున్నాయి, ఒక్కో బొట్టూ విడిగా కనిపిస్తుంది. మణికట్టుకి చుట్టిన తెల్ల టేపు మీద మార్కర్‌తో ఫిలిప్పీ 4:13 అని రాసుకున్నాడు, సిరా తడిసి కిందికి జారింది కానీ అంకెలు చదవొచ్చు. వెనక స్టాండ్‌లో జనం అంతా మెత్తటి రంగుల్లో కరిగిపోయారు. వాళ్ల టీమ్ ఆ రాత్రి ఓడింది. 'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' అని, ఆటగాళ్లు గెలుపు కోసం రాసుకునే బైబిల్ వచనం అది, కానీ పౌలు ఆ ఉత్తరం రాసింది చెరసాలలో ఉండి, ఆ మాటకి ముందు వచనం చదివితే ఆకలిగా ఉన్నా కడుపు నిండినా ఉండటం నేర్చుకున్నానని ఉంటుంది. సోమవారం క్లాసుకి వెళ్తూ ఆ ఫొటో ఫోన్‌లో మళ్లీ మళ్లీ చూశాను. ప్రింట్ తీసి ఇస్తే వాళ్లమ్మగారు ఫ్రేమ్ కట్టించారు.

ఇప్పుడు శనివారం. చాలా కాలేజీ స్టేడియాల్లో ప్రేక్షకులు పెద్ద లెన్స్ లోపలికి తేకూడదు. ఈ లెన్స్ పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాలకు కొంచెం తక్కువ, ఎక్కడ కొలిచినా అది పెద్ద లెన్సే. బ్యాగులు కూడా పారదర్శకమైనవే తేవాలి. ఇవేవీ చదవకుండా వేరే ఊళ్లో ఒక మ్యాచ్‌కి వెళ్లాను. గేటు దగ్గర ఆపేశారు. కారు మైలు పైన దూరంలో ఉంది, సెప్టెంబర్ ఎండ, వెనక్కి నడిచి, ఆ ఎండలో కారులో లెన్స్ వదలాలంటే భయమేసి, తువాలులో చుట్టి సీటు కింద పెట్టి, తిరిగొచ్చేసరికి మొదటి క్వార్టర్ అయిపోయింది. ఆ వేళంతా ధ్యాస లెన్స్ మీదే. టికెట్ కొనేముందు స్టేడియం నియమాలు చదవండి. గ్రౌండ్ పక్కన నిలబడాలంటే ప్రెస్ పాస్ కావాలి, అది పత్రికలవాళ్లకి.

అందుకే టీసీయూ వాళ్ల ఏమన్ జి. కార్టర్ స్టేడియానికి ఫోన్ ఒక్కటే తీసుకెళ్తాను. అది 1930 నాటి స్టేడియం, ఊదారంగు చొక్కాలతో నిండిపోతుంది. టీసీయూ పాయింట్లు కొట్టినప్పుడల్లా రైలింజన్‌లా మోగే హారన్ ఒకటుంది, గుండెల్లో మోగుతుంది అది. హార్న్‌డ్ ఫ్రాగ్స్ అంటారు కానీ అది కప్ప కాదు, కొమ్ములున్న తొండ లాంటి జీవి, టెక్సస్ రాష్ట్ర సరీసృపం. రెండు వేళ్లు కొక్కెంలా వంచి ఊపుతారు, నేనూ ఊపుతాను. కెమెరా లేకుండా చూస్తే మైదానం మొత్తం కనిపిస్తుంది, బంతి లేనివైపు ఎవరు ఎవరిని అడ్డుకున్నారో కూడా. లెన్స్‌లోంచి చూసిన మ్యాచ్‌లో నాకు స్కోరు కూడా సరిగా గుర్తుండదు.

2022 నవంబర్ 19న బేలర్‌తో టీసీయూ ఆడిన ఆట మాత్రం సెమినరీలోనే చూశాం. మా దగ్గర బేలర్‌లో చదివొచ్చినవాళ్లు చాలామంది, కామన్ రూమ్ రెండుగా చీలింది. టైమౌట్లు అయిపోయాయి, గడియారం నడుస్తోంది, కిక్ కొట్టే బృందం పరిగెత్తుకుంటూ మైదానంలోకొచ్చి చివరి సెకనులో 40 గజాల గోల్ కొట్టారు. టీసీయూ 29-28తో గెలిచింది. బేలర్ స్నేహితుడొకడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత లేచి అందరికీ కాఫీ పెట్టాడు. ఫైనల్‌లో జార్జియా చేతిలో 65-7తో ఓడిన రాత్రి నేను వాడికి టీ పెట్టిచ్చాను, మన టీ, అల్లం వేసి.

మనవాళ్లకి ఒక మాట. ఈ లెన్స్ చేతిలో చూస్తే డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉన్న తెలుగువాళ్లు సీమంతాలకీ, ఓణీ ఫంక్షన్లకీ పిలుస్తారు, డబ్బులిస్తామంటారు. స్టూడెంట్ వీసా మీద ఉంటే ఒప్పుకోకండి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని, మనకున్న అనుమతి అదే. 'ఊరికే తియ్యి బాబూ, భోజనం చేసి వెళ్దువుగాని' అన్నా ముందు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. నేను చాలాసార్లు వద్దన్నాను, కొంతమంది నొచ్చుకున్నారు, కానీ చదువు పోగొట్టుకుని తీసే ఫొటో వద్దు.

కేనన్ మిర్రర్‌లెస్ బాడీ ఉన్నవాళ్లు అడాప్టర్‌తో దీన్ని హాయిగా వాడుకోవచ్చు. మిర్రర్‌లెస్ కోసమే 2019లో వచ్చిన ఆర్ఎఫ్ వెర్షన్ 1070 గ్రాములే, భుజం నొప్పి ఉన్నవాళ్లకి, డబ్బున్నవాళ్లకి అదే మంచిది. సముద్రం పక్క ఊళ్లకి తీసుకెళ్తే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, నేను ఒంగోలు వెళ్లినప్పుడు అలాగే చేశాను.

వచ్చే మేలో నా గ్రాడ్యుయేషన్. అమ్మా నాన్నా వస్తున్నారు, వీసా వచ్చింది. ఆ ఉదయం ఈ లెన్స్ నా జూనియర్ చేతిలో ఉంటుంది, ఎక్కడ నిలబడాలో ఇప్పటికే చూపించాను. స్విచ్ మీద టేపు మాత్రం ముందురోజు రాత్రి నేనే వేసి ఇస్తాను.