31×10.50 ఆర్15 టైరుకు ఏ రిమ్ మేలు: 7, 8, 10 అంగుళాల్లో ఏది?

పాత థార్‌కీ జిప్సీకీ పెద్ద టైర్లు వేయించాలనుకునేవాళ్లు చాలామంది కన్ను 31×10.50 ఆర్15 (31 అంగుళాల ఎత్తు, 10.50 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల రిమ్‌కు పట్టే టైరు) మీదే ఉంటుంది. ఏ కంపెనీ టైరు, మడ్ టెరైనా (బురదకు చేసినదా) ఆల్ టెరైనా (అన్ని దారులకూ పనికొచ్చేదా) అని నెలల తరబడి ఆలోచిస్తారు. రిమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం షాపులో చూడ్డానికి ఏది బాగుంటే అది బిగించేస్తారు. నా దృష్టిలో అంత ఆలోచనా రిమ్ వెడల్పుకూ పెట్టాలి. అదే టైరు 7 అంగుళాల రిమ్ మీద ఒకలా, 10 అంగుళాల రిమ్ మీద ఇంకోలా నడుస్తుంది.

ముందు కొలత సంగతి. రిమ్ వెడల్పంటే బయట ఈ అంచు నుంచి ఆ అంచుకు టేపు పెట్టి చూసేది కాదు. లోపల టైరు బీడ్‌లు (రిమ్‌ను పట్టుకునే టైరు అంచులు) రెండు వైపులా ఆనుకునే గోడల మధ్య దూరం. బయట నుంచి కొలిస్తే దాదాపు అంగుళం ఎక్కువ వస్తుంది. సెకండ్ హ్యాండ్ రిమ్ కొంటుంటే వెనకవైపు 15×8జె (15 వ్యాసం, 8 వెడల్పు) లాంటి ముద్ర ఉందేమో చూడండి. ఈ సైజు టైరుకు కంపెనీలు మామూలుగా ఒప్పుకునేది 7 నుంచి 9 అంగుళాల రిమ్. 10.50 అన్న వెడల్పు 8.5 అంగుళాల రిమ్ మీద కొలిచింది. రిమ్ అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు సుమారు 0.2 అంగుళం తగ్గుతుంది. ఆ లెక్కన 7 అంగుళాల రిమ్ మీద అది 9.9 దగ్గర ఉంటుంది.

అసలు తేడా గాలి తగ్గించినప్పుడు బయటపడుతుంది. 7 అంగుళాల రిమ్ మీద టైరు పక్కగోడ రిమ్ అంచు దాటి బయటికి ఉబ్బి ఉంటుంది. బండరాయి పక్కనుంచి ఒరుసుకుంటే ముందు రబ్బరు తగులుతుంది, రిమ్ అంచు బతుకుతుంది. దగ్గరికి నొక్కి ఎక్కించిన బీడ్‌లు కూడా బయటికి, అంచు వైపుకే నెట్టుకుంటూ ఉంటాయి. 10 అంగుళాల రిమ్ మీద ఇది తిరగబడుతుంది. పక్కగోడలు లాగి కట్టినట్టుంటాయి, బీడ్‌ను రిమ్ మధ్య గాడి వైపు గుంజుతుంటాయి. ఇసుకలో గాలి ఒత్తిడిని 12 పీఎస్ఐకి దించి స్టీరింగ్ గట్టిగా తిప్పారంటే ముందు చక్రం బీడ్ జారి, గాలంతా ఒక్కసారిగా పోవచ్చు. అప్పుడు ఇసుకలో జాకీ కుంగిపోకుండా కింద చెక్క పెట్టాలి, టైరు చుట్టూ బెల్టు బిగించాలి, బీడ్‌లో చేరిన ఇసుకంతా తుడవాలి. ఆపైన చిన్న కంప్రెసర్‌తో బీడ్ మళ్లీ ఎక్కుతుందో లేదో గట్టిగా చెప్పలేం.

రోడ్డు మీద 7 అంగుళాల రిమ్‌కు ఇబ్బందులున్నాయి. ట్రెడ్ (నేలకు ఆనే భాగం) మధ్యలో ఉబ్బుతుంది కాబట్టి నడిమి భాగం త్వరగా అరుగుతుంది, మలుపుల్లో బండి ఊగుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో వరస మలుపులు తిప్పుతుంటే ఆ మెత్తదనం చేతికి తెలుస్తుంది. 8 అంగుళాల రిమ్‌తో ట్రెడ్ దాదాపు చదునుగా ఆనుతుంది, బీడ్ పట్టు కూడా పెద్దగా తగ్గదు. వారమంతా రోడ్డు, సెలవుల్లో బురదా ఇసుకా అనేవాళ్లకు నేను చెప్పేది 8 అంగుళాలే. ఎక్కువగా రాళ్లలోనే తిరిగేవాళ్లయితే 7 తీసుకోండి.

ఆఫ్‌సెట్, అంటే రిమ్ నడిమి గీత నుంచి హబ్‌కు ఆనే చోటు ఎంత దూరంలో ఉందో, చూడకుండా డబ్బు కట్టకండి. మైనస్ అంటే చక్రం అంత బయటికి జరిగినట్టు. 7 అంగుళాల రిమ్‌కు ఆఫ్‌సెట్ సున్నా అయితే, హబ్‌కు ఆనే చోటు నుంచి లోపలి అంచు దాకా సుమారు 4 అంగుళాలు ఉంటుంది. లోపలివైపు ఆ 4 అలాగే ఉండాలంటే 8 అంగుళాల రిమ్‌కు మైనస్ 13, 10 అంగుళాల రిమ్‌కు మైనస్ 38 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ కావాలి. అంటే 10లో పెరిగిన 3 అంగుళాలూ బయటికే పోతాయి. వీల్ బేరింగ్ మీద, కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను) మీద భారం పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిని గుంజుతుంది, బురద మడ్‌గార్డ్ దాటి అద్దాల మీద పడుతుంది. కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది, ఆర్టీవో దగ్గర ముందే కనుక్కోండి.

ఏ రిమ్ వేసినా గాలి ఎంత ఉండాలో సుద్దముక్క చెబుతుంది. ట్రెడ్‌కు అడ్డంగా మందంగా గీత గీసి, చదునైన రోడ్డు మీద కొద్ది దూరం తిన్నగా నడపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. తేలికపాటి జీపుకు 26 పీఎస్ఐతో మొదలుపెట్టి రెండేసి చొప్పున మార్చి చూడండి.

ఇప్పటికే 15×10 రిమ్‌లు కొనేసినవాళ్లు వాటి మీద 31×10.50 ఎక్కించకండి. ఆ రిమ్‌కు సరిపోయే టైరు 33×12.50 ఆర్15. దాని వెడల్పు కొలిచేది 10 అంగుళాల రిమ్ మీదే. ఆ పెద్ద టైరు కోసం బండి ఎత్తు పెంచి, గేర్ రేషియో మార్చే ఆలోచన లేకపోతే ఆ రిమ్‌లు అమ్మేసి 8 తెచ్చుకోవడం నయం.