తెరచాప పడవలో చంటితో పళవేర్కాడు

మా ఇంటి దేశవాళీ కుక్క చంటికి ఐదేళ్లు. దాన్ని ఎవరింట్లోనో వదిలి ఊరెళ్లడానికి మాకు ఎప్పుడూ మనసొప్పదు. అందుకే జనవరిలో రెండు రోజుల సెలవు దొరికినప్పుడు, చెన్నైలోని పెరంబూరు నుంచి పొన్నేరి మీదుగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న పులికాట్‌కు, అంటే తమిళులు పళవేర్కాడు అని పిలిచే పాత రేవు పట్టణానికి, దాన్ని వెంటబెట్టుకునే బయలుదేరాం. అక్కడి సరస్సును మన తెలుగువాళ్లు ప్రళయ కావేరి అంటారు. ఊరు మా ఆశను మించింది, పడవ ప్రయాణం జీవితాంతం గుర్తుండేలా సాగింది, బస మాత్రం చాలా ఇబ్బంది పెట్టింది.

ముందు ఆ బస సంగతే చెబుతాను. హైవే పక్కన ఉన్న ఒక లాడ్జివారు ఫోన్‌లో కుక్కను తీసుకురావచ్చని చెప్పి, రాత్రి తొమ్మిది గంటలకు మేం చేరాక చంటిని చూసి, ఇంత పెద్ద కుక్క అనుకోలేదంటూ గది ఇవ్వలేదు. చివరికి పొన్నేరిలో మా ఆవిడ మేనత్త ఇంటి వరండాలో చోటు దొరికింది. పులికాట్ ఊళ్లో కుటుంబంతో, అందులోనూ కుక్కతో, రాత్రి గడపదగిన బస మాకు కనిపించలేదు. కాబట్టి తెల్లవారుజామున చెన్నైలో బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావడమే మేలు. ఉండిపోవాలనుకునేవారు కుక్క ఫోటోను, టీకా పత్రాన్ని ముందే పంపించి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి.

పడవ విషయంలో మేం మొదటినుంచీ గట్టిగా ఉన్నాం. 2011 డిసెంబర్ 25న ఈ సరస్సులో విహారానికి వెళ్లిన పడవ మునిగి 22 మంది చనిపోయారు. ఆ సంగతి తెలిసీ ఒడ్డున పిలిచినవారి పడవ ఎక్కడానికి నాకు మనసు రాలేదు. మా నాన్నకు ఇరవై ఏళ్లుగా పరిచయమున్న ఒక మత్స్యకార కుటుంబం తమ సొంత పడవలో తీసుకెళ్లడానికి ఒప్పుకుంది. మేం ముగ్గురం, పడవ నడిపే ఆయన, చంటి, అంతే ఎక్కాం. మనుషులందరికీ లైఫ్ జాకెట్లు, చంటికి వీపు మీద పట్టుకోవడానికి పిడి ఉన్న చిన్న జాకెట్టు చెన్నైలోనే కొని తీసుకెళ్లాం. ఇలాంటి పరిచయం లేనివారు పడవ మాట ఎత్తకుండా ఊరు చూసి రావడమే మంచిది.

అది ఫైబర్ పడవ. నిలువుగా కట్టిన వెదురు గడకు, ముక్కలు ముక్కలుగా కుట్టిన తెరచాప. సరస్సు సగటు లోతు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది కనుక, గాలి తగ్గినచోట పడవాయన ఇంకో పొడవాటి గడను అడుగు బురదలో ఆనించి నెట్టుకుంటూ పోయాడు. ఎక్కేటప్పుడే ఆయన నాతో, "అన్నా, కుక్కను ముందువైపు కూచోబెట్టొద్దు, చాప తిప్పేటప్పుడు బెదిరి దూకేస్తుంది. నడుమ మీ కాళ్ల దగ్గరే పెట్టుకోండి" అన్నాడు. ఆ మాట ఎంత విలువైనదో చాప ఎత్తగానే తెలిసింది. అది టపటపమని కొట్టుకునేసరికి చంటి చెవులు వెనక్కి వంచి నా మోకాళ్ల మధ్య తల దూర్చింది. చాప గాలి పట్టి బిగుసుకోగానే చప్పుడు ఆగింది. కాసేపటికి చంటి పడవ అంచు మీద గడ్డం ఆనించి, నీళ్ల వంక చూస్తూ పడుకుంది.

పొద్దున్న నేలమీంచి వీచే గాలితో ఇసుకతిన్నెల వైపు వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే వెనక్కి వచ్చాం. దారిలో దూరాన రాజహంసల గుంపు కనిపించింది. చంటి మొరిగితే అవి లేచిపోతాయని, దగ్గరికి పోనివ్వవద్దని నేనే కోరాను. ఆ పక్షుల కోసం వచ్చేవారు కుక్కను ఇంట్లో ఉంచి రావాలి. నీటి మీద కుక్క మెడ తాడు వదిలే ఆలోచన మాత్రం ఎవరూ చేయకండి.

నీటిమీంచి ఊరిని చూస్తూ వస్తుంటే ఆ రేవు నాలుగు వందల ఏళ్ల నాటి సంగతి మనసులో మెదిలింది. పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేస్తే, సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరేది. విజయనగర చక్రవర్తి వెంకటపతి రాయలు 1610లో డచ్చివారికి ఇక్కడ వర్తకానికి అనుమతి ఇచ్చాడు. 1613లో వాళ్లు గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్నానికి మారేవరకూ కోరమాండల్ తీరంలో వాళ్ల ప్రధాన స్థావరం ఇదే. నేత బట్టలు ఇక్కడినుంచి ఆగ్నేయాసియాకు వెళ్లాయి. అదే రేవునుంచి బానిసలుగా మనుషుల్ని కూడా బటావియాకు (ఇప్పటి జకార్తాకు) తరలించారు. ఆ సంగతి గుర్తుంచుకోకుండా ఆ రాళ్లను మెచ్చుకోవడం నాకు సరిగా అనిపించలేదు.

కోట ఉన్నచోట ఇప్పుడు ముళ్లచెట్లు కప్పేసిన దిబ్బే మిగిలింది. డచ్చి శ్మశానమే చూడదగింది. ప్రవేశద్వారం రెండువైపులా చెక్కిన అస్థిపంజరాల దగ్గర మా అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కనుక చంటిని లోపలికి తీసుకెళ్లలేదు. ఒకరు బయట నీడలో దానితో కూర్చుంటే మిగిలినవారు చూసి వచ్చారు. సమాధి రాళ్ల మీద వేలితో తడిమితే, ఎండకూ ఉప్పుగాలికీ ఇన్నేళ్లు నిలిచిన డచ్చి అక్షరాల అంచులు ఇంకా పదునుగానే తగులుతాయి. ఆదినారాయణ పెరుమాళ్ గుడినీ చిన్న మసీదు దగ్గరి నీడగడియారాన్నీ తొందరగా చూడాల్సి వచ్చింది. గుడికి కనీసం గంటసేపు కేటాయించాలి.

భోజనానికి ఊళ్లో హోటళ్లను నమ్ముకోకుండా, పడవాయన ఇంటివాళ్లకు సరుకుల డబ్బిచ్చి పీతల పులుసు వండించుకున్నాం. చంటికి ఇంటినుంచి తెచ్చిన అన్నం, ఐదు లీటర్ల మంచినీళ్లు సరిపోయాయి. సరస్సు నీళ్లు ఉప్పన కనుక కుక్కను తాగనివ్వకూడదు.

ఒక్క పొరపాటు చేశాను. దిగేటప్పుడు లోతు తక్కువే కదా అని చంటిని నీళ్లలోకి వదిలాను. ఆల్చిప్ప పెంకు గుచ్చుకుని దాని ముందు కాలి మెత్త తెగింది. మంచినీళ్లతో కడిగి గుడ్డ కట్టి, మర్నాడు వేపేరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. వారంలో మానిపోయింది. మళ్లీ వెళ్తే దాన్ని పొడినేల దాకా ఎత్తుకునే దింపుతాను.